హావ్‌లాక్‌లో ఒక దినం ఎక్కువ

లచ్చి తన యాభై నాలుగేళ్ల జీవితంలో మొదటిసారి పని లేకుండా పడుకున్నది దవాఖానలో. కిందటి వానాకాలం డెంగీ జ్వరం వచ్చి ఒళ్లు కాలిపోతుంటే, భర్త సక్రు ఆమెను భూపాలపల్లికి తీసుకొచ్చాడు. లచ్చి చెల్లెలు విజయ అక్కడే నర్సు. అక్కడైతే మందులూ మాత్రలూ చెల్లెలే చూసుకుంటుందని అతని ధీమా.

మూడో రోజు పొద్దున జ్వరం దిగింది. విజయ సెలైన్ సీసా మారుస్తూ, "ఎట్లుందే అక్కా?" అని అడిగింది.

"మస్తు మంచిగుందే విజ్జీ. మూడు దినాల సంది కాళ్లు చాపుకొని పండుకున్న. ఎవ్వలూ లేపుతలేరు, అన్నమడుగుతలేరు. ఇంకో రెండు దినాలు ఉంచుతరా?"

విజయ నవ్వింది. డ్యూటీ గదిలోకి వెళ్లి కూర్చున్నాక మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. అక్కకు తీరిక దొరకాలంటే జ్వరం రావాలా?

ఆ సాయంత్రం భర్త వెంకటేశ్‌తో చెప్పింది, అక్కను ఎక్కడికైనా తీసుకెళ్తానని. అతను గని డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి స్నానం చేస్తున్నాడు. తలుపు వెనక నుంచే, "పోరాదు, ఎవ్వలు వద్దన్నరు?" అన్నాడు. ఎక్కడికన్న ప్రశ్న కూడా తొందరగానే తేలిపోయింది. తనతో పనిచేసే నర్సు ఒకామె అండమాన్ వెళ్లొచ్చి ఫోటోలు చూపించింది. ఆ ఫోటోల్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. విజయ కూడా సముద్రాన్ని చూసింది టీవీలోనే.

మిరపకాయ ఏరడం, ఎండబెట్టడం, అమ్మడం అన్నీ అయ్యేసరికి ఏప్రిల్ వచ్చింది. నెల్లికుదురు దగ్గరి తండాలో లచ్చి ప్రయాణం సంగతి ఒక్క పూటలో అందరికీ తెలిసిపోయింది. పక్కింటి తారి పనిగట్టుకుని వచ్చి గడప మీద కూర్చుంది.

"అండమానుల ఏ దేవుడున్నడే?"

"దేవుడు లేడట. సముద్రం ఉంటదట."

"దేవుడు లేకుంటె గంత దూరం పోవుడెందుకే?"

తండా నుంచి ఎవరు ఎంత దూరం వెళ్లినా అయితే జాతరకు, లేకపోతే కూలికి. ఊరికే చూసి రావడానికి వెళ్లినవాళ్లు లచ్చి ఎరికలో ఒక్కరూ లేరు. "చెల్లె పిలిచింది, పోతున్న," అంది. ఆ మాట తారికి అర్థమైంది.

సక్రు ఒక్క మాటే అన్నాడు. "కోళ్లను నేను చూసుకుంట. నువ్వు పైలంగ పోయిరా."

మానుకోటలో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, మర్నాడు తెల్లవారుజామున విమానం ఎక్కారు. విజయ దగ్గర ఒక ప్లాస్టిక్ కవరులో నాలుగు కాగితాలు ఉన్నాయి. ఏ రోజు ఏ గంటకు ఎక్కడ ఉండాలి, ఏ పడవ ఎక్కాలి, ఎక్కడ తినాలి అంతా నీలం ఇంకుతో రాసుకుంది. వార్డులో రోగుల మందుల వేళలు రాసినంత శ్రద్ధగా రాసింది.

లచ్చి కిటికీ పక్కన కూర్చుని రెండు గంటలూ కిందికే చూసింది. మబ్బులు పత్తి ఆరబోసినట్టు ఉన్నాయని ఒకసారి, ఎవరూ నడవని నేల ఇంత ఉందా అని ఒకసారి అంది. అది నేల కాదు సముద్రమని విజయ చెప్పాక కిటికీ అద్దానికి నుదురు ఆనించుకుంది.

దిగగానే విమానాశ్రయం బోర్డు మీద పేరు చదివి విజయే చెప్పింది, పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పుడు శ్రీవిజయపురం అని పేరు మార్చారని.

"ఏందీ, నువ్వొస్తున్నవని ముందే తెలిసిందా వీళ్లకు?" అంది లచ్చి.

అక్కచెల్లెళ్లిద్దరూ ఎప్పుడూ తమ తండా భాషలోనే మాట్లాడుకుంటారు. వాళ్ల మాటలు ఇక్కడ తెలుగులో రాసినా, అక్కడ వినిపించింది ఆ భాషే. అది హిందీకి దగ్గరగా ఉండటం లచ్చికి బాగా కలిసివచ్చింది. ఇంటరు దాకా హిందీ చదివిన విజయ ఆటో అతనితో వ్యాకరణం వెతుక్కుంటూ మాట్లాడుతుంటే, లచ్చి తన భాషలోనే గట్టిగా, తాపీగా మాట్లాడి పని చేయించేసింది. హావ్‌లాక్ దీవికి వెళ్లే పడవలో అయితే ఆమెకు ఇద్దరు బెంగాలీ ఆడవాళ్లు స్నేహితులైపోయారు కూడా.

ఆ సాయంత్రం రాధానగర్ బీచ్‌లో లచ్చి మొదటిసారి సముద్రం ముందు నిలబడింది. చెప్పులు ఒడ్డున వదిలి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నీళ్ల దాకా నడిచింది. వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది.

"ఉప్పుగనే ఉన్నదే!" అంది, ఇన్నేళ్లూ ఎవరో అబద్ధం చెప్తున్నారనుకున్నట్టు.

అల వచ్చి మోకాళ్లు తడిపి వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాక్కుపోయింది. లచ్చి తూలి చెల్లెలి భుజం పట్టుకుంది. "కిందికెల్లి ఎవలో గుంజుతున్నరే విజ్జీ!" అని గట్టిగా నవ్వింది. మళ్లీ అల, మళ్లీ నవ్వు. అక్క అంత గట్టిగా నవ్వగలదని విజయకు అప్పటిదాకా తెలియదు. తెలియడానికి ఇద్దరూ ఒకచోట ఉన్నదెప్పుడు? లచ్చి పద్దెనిమిదో ఏట తల్లి చనిపోతే మూడేళ్ల విజయను తన దగ్గర పెట్టుకుంది. ఆరేళ్లు రాగానే హాస్టల్లో వేసింది. అక్కడి నుంచి విజయ సెలవులకు వచ్చిపోయే చుట్టమే. ఉద్యోగం, పెళ్లి అయ్యాక సెలవులకు రావడం కూడా తగ్గింది.

రెండో రోజు పొద్దున హోటల్లో టిఫిన్ చేస్తున్నారు. ఎదుటి బల్ల దగ్గర ఒకామె పెద్ద గడ్డి టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పూరీ పట్టుకుని ఒకసారి, కొబ్బరి బోండాం పట్టుకుని ఒకసారి ఫోటో దిగుతోంది. ఆమె భర్త వంగి, లేచి, కుర్చీ ఎక్కి మరీ తీస్తున్నాడు.

లచ్చి చట్నీ అద్దుకుంటూ, "ఆ టోపీ చూడే. మనింట్ల చాట గంతనే ఉంటది. దాన్ల మిర్పకాయలు చెరుగొచ్చు," అంది.

"మెల్లగ అక్కా."

"మన మాట వీళ్లకెట్ల తెలుస్తదే? పాపం ఆయన, ఫోటోలు తీసి తీసి నడుము పట్టినట్టున్నది. ఆమె పూరీ తినేది ఎప్పుడో, చల్లారి అప్పడమయితది."

టోపీ ఆమె మెల్లగా ఇటు తిరిగింది. కళ్లద్దాలు తీసింది. "మిర్పకాయలు నేను కూడ చెరిగిన అక్కా, పెళ్లికి ముందు," అంది. అదే భాషలో. యాస కొంచెం వేరు, అక్కడక్కడా కన్నడ మాటలు, అంతే తేడా. "ఇగ ఆయన నడుము సంగతంటవా, అది పెండ్లయిన సంది పట్టే ఉన్నది."

విజయ ముఖం ఎర్రబడిపోయింది. లచ్చి నోట్లో ఇడ్లీ ముక్క అట్లాగే ఉండిపోయింది. ఒక్క క్షణం తర్వాత ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వుకు వంటవాడు కూడా బయటికి వచ్చి చూశాడు.

ఆమె పేరు శాంతాబాయి. బిజాపూర్ దగ్గర ఒక తండాలో పుట్టి, ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. "మన మాట విని రెండేండ్లయిందక్కా. మా ఆయనకు రాదు, పిల్లలు మాట్లాడరు. ఆఫీసుల ఎవలూ లేరు. నువ్వు తిడుతున్నా గని వినబుద్దయింది," అంది.

"తిట్టలేదు బిడ్డా. టోపీ మంచిగున్నది," అంది లచ్చి సర్దుకుంటూ. శాంతాబాయి టోపీ తీసి ఆమె తల మీద పెట్టింది. శాంతాబాయి భర్త అలవాటు కొద్దీ ఫోటో తీశాడు.

ఆ రోజు నలుగురూ కలిసే ఎలిఫెంట్ బీచ్‌కు పడవలో వెళ్లారు. ముఖానికి అద్దాల మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కింద చేపల్ని చూడటం అక్కడి వేడుక. విజయ కాగితంలో దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ఆమె లైఫ్ జాకెట్ కట్టుకుని, మాస్కు బిగించుకుని, గైడు చెయ్యి పట్టుకుని ధైర్యంగానే దిగింది. నడుము లోతు దాటాక కాళ్ల కింద ఇసుక అందలేదు. గైడు మెడను రెండు చేతులా పట్టుకుని వేలాడింది. "నా తోని కాదు, నా తోని కాదు," అంటూ ఒడ్డుకు వచ్చి కూలబడింది.

గైడు లచ్చి వైపు చూసి, అమ్మా, మీరు కూర్చుని చూడండి అన్నట్టు హిందీలో ఏదో చెప్పాడు.

"నేనెందుకు కూసుంట?" అంది లచ్చి. చెల్లెలు బలవంతం మీద వేసుకున్న పంజాబీ డ్రెస్సు చున్నీ తీసి నడుముకు బిగించి కట్టుకుంది. లైఫ్ జాకెట్ వేసుకోక తప్పదని గైడు పట్టుబడితే వేసుకుంది గానీ, నీళ్లలో దిగాక ఇక అతని చెయ్యి పట్టుకోలేదు. నాలుగు బారలు వేసేసరికి గైడే ఆమె వెనక ఈదవలసి వచ్చింది.

"అక్కకు ఈతొచ్చా?" అని అడిగింది శాంతాబాయి.

"నాకు తెల్వదు," అంది విజయ. నిజంగానే తెలియదు.

ముప్పావు గంట తర్వాత లచ్చి ఒడ్డుకు వచ్చింది. మాస్కు పట్టీ ముఖం మీద ఎర్రగా అచ్చు పడింది. "విజ్జీ, కింద ఎన్ని చేపలున్నయే! పచ్చయి, పసుపుయి, నీలమయి. మన అవ్వ అద్దాల రవికె వేసుకొని నీళ్లల్ల తిరుగుతున్నట్టున్నయి. ఒకటి నన్నే చూసుకుంట నిలవడ్డది. నేను గూడ నిలవడ్డ."

"నీకు ఈత ఎవరు నేర్పిండ్రే?"

"ఎవలు నేర్పుతరు? మా తోటి పిల్లలం అందరం మోటబాయిల దూకేటోళ్లం. నడుముకు బెండు కట్టుకొని రెండు దినాలు, మూడో దినం బెండు లేకుంటనే."

మూడో రోజు మధ్యాహ్నం పడవకు తిరిగి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలి. శాంతాబాయి దంపతులు పొద్దున పడవకే వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ లచ్చి ఫోన్‌లో తన నంబరు తనే ఎక్కించింది. అక్కచెల్లెళ్లు సంచులతో రేవుకు చేరేసరికి అక్కడ జనం గుంపుగా ఉన్నారు. పడవ ఇంజను చెడిపోయిందని, సాయంత్రం పడవలో చోటు లేదని, రేపు మధ్యాహ్నం పంపిస్తామని ఒకతను మైకులో చెబుతున్నాడు.

విజయ సంచి మీద కూర్చుండిపోయింది. కవరులోంచి కాగితాలు తీసింది. "ఈ రోజు సాయంత్రం జైలు చూడాలె. రేపు పొద్దున మ్యూజియం. రేపు మధ్యాహ్నం బజారు. అన్నీ పాయె," అంది. ఇంకాస్తయితే ఏడ్చేలా ఉంది.

"విమానమెప్పుడే?"

"ఎల్లుండి పొద్దున."

"అయితే విమానం దొరుకుతది గదా? మరి ఏడుస్తవేంది? ఒక దినం ఎక్కువ దొరికింది. జర ఖుషీగుండరాదు?" లచ్చి ఆమె చేతిలోంచి కాగితాలు తీసుకుని, జాగ్రత్తగా మడిచి కవరులో పెట్టి, కవరును తన సంచి అడుగున పెట్టుకుంది. "ఇంటికి పోయేదాంక ఇవి నీకియ్య."

హోటల్లో అదే గది మళ్లీ దొరికింది. దాని ముందు తీరం రాళ్లు లేకుండా చదునుగా, చాలా దూరం దాకా మోకాలి లోతే ఉంది. అలలు కూడా లేవు. లచ్చి బట్టలు మార్చుకుని చెల్లెలి చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిపించింది.

"నాకు బుగులైతది అక్కా."

"నడుము లోతు కంటె ఎక్కువ పోను. ఒట్టు. పండుకో."

"నీళ్లల్లనా?"

"మంచం మీద పండుకున్నట్టు పండుకో. నా చేతులు నీ వీపు కిందనే ఉన్నయి."

మొదటిసారి విజయ కర్రలా బిగుసుకుపోయి మునిగింది. ముక్కులోకి నీళ్లు పోయి, దగ్గి, లేచి నిలబడింది. రెండోసారీ అంతే. అయిదోసారి లచ్చి కోప్పడింది. "దవాఖానల రోగులకు ఏం చెప్తవే నువ్వు? వదులుగ ఉండుమని చెప్తవా లేదా? నువ్వే గింత బిగపట్టుకుంటె సూది ఎట్ల దిగుతది?"

విజయకు నవ్వొచ్చింది. నవ్వడంలో ఒళ్లు సడలింది. చెవులు నీళ్లలో మునిగి బయటి చప్పుడంతా ఆగిపోయింది. పైన ఆకాశం, వీపు కింద రెండు గరుకు చేతులు. కొంతసేపటికి ఆ చేతుల్లో ఒకటి జారిపోయినట్టు అనిపించింది. ఇంకాసేపటికి పక్కకు చూస్తే అక్క రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడి నవ్వుతోంది.

ఎండ తగ్గేదాకా నీళ్లలోనే ఉన్నారు. తర్వాత ఒడ్డున చెట్టు నీడలో కూర్చుని కొబ్బరి నీళ్లు తాగుతుంటే విజయ అంది, "చిన్నప్పుడే ఎందుకు నేర్పలేదే నాకు?"

"నువ్వేడున్నవ్? ఆరేండ్లకే హాస్టల్ల వేస్తి గదా."

విజయ బోండాం లోపలికి చూస్తూ, "ఎందుకేసినవ్?" అంది. ముప్పై మూడేళ్లలో ఒక్కసారీ అడగని మాట అది. ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

"సదువుకొరకే. ఇంకెందుకు?"

"నీకప్పుడు పెద్దోడు కడుపుల ఉండె. నీకు బిడ్డ పుడుతుండు, ఇగ నేనెందుకని పంపినవనుకున్న. శాన ఏండ్లు అట్లనే అనుకున్న. ఇప్పుడనుకుంటలేను. అయినా అడుగుతున్న."

లచ్చి బోండాం ఇసుకలో పెట్టేసి చెల్లెలి వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. "అట్లనుకున్నవా? పిచ్చిదానా! ఆ ఏడు నేను కూలికి మిర్పకాయ ఏరవోతుంటె నువ్వు ఎంబడి వడొస్తుంటివి. ఒక దినం ఆ తోటాయన, పిల్లను గూడ సాలుకు పెట్టు, చిన్న చేతులు జల్ది ఏరుతయి అన్నడు. పెట్టిన. పొద్దూకేసరికి నీ చేతులు మంటకు ఎర్రగ కంది ఉబ్బినయి. కండ్లు నలుపుకున్నవ్, కండ్లు గూడ మండె. మజ్జిగల చేతులు ముంచి ఊదుకుంట కూసున్న. తెల్లారంగనే హాస్టల్‌కు తోలుకపోయిన."

విజయ తన అరచేతుల్ని చూసుకుంది. ఆ మంట ఆమెకు గుర్తు లేదు. గుర్తున్నది వేరే. "వేసి, మళ్ల చూడకుంట పోయినవ్. గేటు కాడ నేను ఏడుస్తనే ఉన్న."

"చూస్తె ఇంటికి తోలుకపోతుంటి," అంది లచ్చి.

అంతే అంది. పైట లేదు గనుక చున్నీతో ముఖం తుడుచుకుంది. విజయ జరిగి అక్క భుజానికి తల ఆనించింది. ఇద్దరి బట్టల నుంచీ ఉప్పు నీళ్లు కారుతున్నాయి. దూరంగా ఒక కుక్క పీతను తరుముతోంది. పీత బొరియలోకి దూరిపోతే, కుక్క ఆ బొరియ ముందు కూర్చుని మొరిగింది. దాన్ని చూసి లచ్చికి ముందు నవ్వొచ్చింది.

"నడువు," అంది విజయ లేస్తూ. "ఇంకోసారి తేలుత. ఈసారి నువ్వు చెయ్యి పెట్టొద్దు."

మర్నాడు మధ్యాహ్నం పడవ వేళకే వచ్చింది. జైలు చూడలేదు, మ్యూజియం చూడలేదు. బజారులో పావుగంట తిరిగి లచ్చి సక్రుకు ఒక టీషర్టు, తండాలో ఆడవాళ్లకు గవ్వల దండలు కొంది. విమానంలో కిటికీ సీటు చెల్లెలికి ఇచ్చి, లేచింది మొదలు దిగేదాకా నిద్రపోయింది.

సికింద్రాబాదులో రైలెక్కారు. జనగామ దాటాక ఎండిపోయిన పొలాలు, అక్కడక్కడా పచ్చగా వరి, కోతకొచ్చిన మామిడి తోటలు కనిపించాయి. విజయ వరంగల్లులో దిగి భూపాలపల్లి బస్సు ఎక్కాలి. రైలు ఆగినప్పుడు లచ్చి సంచి తెరిచి, కాగితాల కవరు తీసి ఆమెకిచ్చింది.

"ఇగ తీస్కో. అన్నం తిను. పైలంగ పో."

"ఇల్లు చేరినంక ఫోన్ చెయ్యి అక్కా."

ఆ సాయంత్రం సక్రు స్టేషన్‌కు బండి తీసుకొచ్చాడు. పంజాబీ డ్రెస్సులో, ఎండకు ఇంకాస్త నల్లబడి వస్తున్న మనిషిని ఒక నిమిషం దాకా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, "సంచి ఇట్లియ్యి," అన్నాడు. నెల్లికుదురు దారి పొడుగునా వెనక కూర్చుని ఆమె చేపల గురించే చెప్పింది. ఎప్పుడూ ఇంటికి రాగానే బండి దిగి చకచకా లోపలికి పోయే మనిషి, ఆ రోజు మాట పూర్తయ్యేదాకా దిగలేదు. సక్రు బండి ఆపేసి విన్నాడు.

పదిహేను రోజుల తర్వాత విజయ వార్డులో ఉండగా ఫోన్ మోగింది. లచ్చి. అక్క ఫోన్ చేసిందంటే ఎవరికో ఒంట్లో బాగా లేదని, లేదా ఎవరిదో పెళ్లని. విజయ గాభరాగా వరండాలోకి వచ్చింది.

"ఏమైందే అక్కా? అందరు మంచిగున్నరా?"

"అందరు మంచిగనే ఉన్నరు."

"మరి ఏంది?"

"ఏం లేదే. బాయి గడ్డకు కూసున్న. నువ్వేం చేస్తున్నవో అని చేసిన."

విజయ లోపలికి చూసింది. ఆరో నంబరు మంచం సెలైన్‌కు ఇంకా సమయం ఉంది. వరండా గోడకు ఆనుకుని నిలబడి, "చెప్పు అక్కా," అంది.